వరిపైరు బాక్టీరియా తెగుళ్లు – సుగంధ తైలములు

వరిపైరును పట్టి పీడించు తెగుళ్లలో అగ్గితెగులు, పొడతెగులు మున్నగు శిలీంధ్రజన్యములు సంఖ్యలో మిక్కుటములైనను, రైతును నిస్సహాయుని గావించుటలో బాక్టీరియా వలన గలుగు ఎండాకు తెగులునకు సాటివచ్చునది లేదు. శిలీంధ్రములను చంపు మందులు అంగడిలో పెక్కులు దొరకుచుండ, ఒకమారు ఆకు నాళములలో చొచ్చిన బాక్టీరియాను నిశ్శేషముగ వెడలగొట్టగల మందు నేటికిని రైతు చేతికి రాలేదు. ఈ కొఱత తీర్చుటకై వెదకిన మార్గములలో వాము, లవంగము, దాల్చినచెక్క, నిమ్మగడ్డి, తులసి మున్నగు ఓషధుల నుండి ఆవిరి మూలమున గ్రహింపబడు సుగంధ తైలముల ప్రయోగ మొకటి. ప్రయోగశాలలో ఈ తైలముల ప్రతాపము నిర్వివాదము. పొలమున అవి యెంతవఱకు అక్కఱకు వచ్చునన్నది మాత్రము, తెగులు ఏ దారిని వచ్చి ఏ చోట నివసించునో తెలిసినగాని నిర్ణయింపరాని విషయము.

ఎండాకు తెగులును మొట్టమొదట గుర్తించినవారు జపాను రైతులు. 1884లో క్యూషూ ద్వీపమందలి ఫుకువోకా ప్రాంతమున ఇది కానవచ్చెను. తెల్లవాఱుజామున ఆకుల యంచులపై నిలిచిన మంచుబిందువులు కలకబాఱియుండుట చూచి, నేలలోని యామ్లగుణమే మంచులోనికి దిగి ఆకులను మాడ్చుచున్నదని అక్కడివారు చాలకాలము తలచిరి. ఇరువదవ శతాబ్ది మొదటి దశకము ముగియుచుండగా తకయిషి యను పరిశోధకుడు ఆ కలకనీటిని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు బాక్టీరియా రాసులుగ నుండుట కనుగొనెను. 1911లో బొకురా దానిని వేరుచేసి పేరు పెట్టెను. 1922లో ఇషియామా మఱింత సమగ్రముగ వర్ణించి సూడోమొనాస్ ఒరైజే యని పేరు మార్చెను. నేడు చెల్లుబడిలో నున్న నామము క్జాంథోమొనాస్ ఒరైజే. మన దేశమున ఇది 1950ల దశకమున మహారాష్ట్ర ప్రాంతమున వెల్లడియై, 1963లో బీహారునందలి షాహాబాదు జిల్లాలో ఉపద్రవ రూపము దాల్చెను. తైవాను నుండి దిగుమతియైన తైచుంగ్ నేటివ్-1 వంటి పొట్టిరకములు దీనికి సులభముగ లోబడుటయు, ఆ రకములతోబాటు యూరియా వాడుక పెరుగుటయు ఈ తెగులునకు కలిసివచ్చెను. 1979, 1980 సంవత్సరములలో పంజాబు, హర్యానా పొలములలో చెలరేగిన తెగులు, వాయవ్య భారతమునకును దీని భయమును తెచ్చెను.

ఈ బాక్టీరియా పసుపువన్నె కడ్డీ యాకారము గలది. ఒక కొసనున్న తోకవంటి కశాభముతో నీటిలో ఈదును. ఆకు అంచులలో చెమ్మను వెడలించు సూక్ష్మ జలరంధ్రములు గలవు. రాత్రివేళ వానినుండి వెలువడిన నీటిబొట్టు పగటి యెండకు తిరిగి లోనికి పీల్చుకొనబడునపుడు, ఆ బొట్టులో ఈదుచున్న బాక్టీరియా నీటితో గూడ లోనికి జాఱి దారునాళములను చేరును. గాలివానలో ఆకులు ఒరసికొనగా నేర్పడు గాయములు రెండవ ద్వారము. నారు నాటునపుడు కాండము తొలుచు పురుగు గ్రుడ్లను వదల్చుటకై ఆకు కొసలను త్రుంచివేయుట మనవారి అలవాటు; ఎండాకు తెగులు సోకు ప్రాంతములలో ఇదియే మూడవ ద్వారమగును గనుక అట్టి చోట్ల కొసలు త్రుంచవలదని వ్యవసాయశాఖవారు చెప్పుచుందురు. నాళములలో చేరిన బాక్టీరియా జిగురు పదార్థమును విస్తారముగ తయారుచేసి నీటిదారులను మూసివేయును. అంతతో నూరకుండక, తన మాంసకృత్తులను వరి కణములలోనికి ప్రవేశపెట్టి, చక్కెరను కణము వెలుపలికి పంపు జన్యువులను మేల్కొలిపి, తన గ్రాసమును వరిచేతనే వడ్డింపించుకొనును.

పైరుపై లక్షణములు స్పష్టములు. ఆకు కొసనుండి అంచుల వెంబడి అలలవలె వంకరలు దిరిగిన పసుపుచార క్రిందికి దిగి, క్రమముగ గడ్డిరంగు దాల్చి ఎండును. తెల్లవాఱి చూచిన ఆ చారపై పాలవంటి బొట్లు, ఎండ యెక్కిన పిదప అవియే గట్టిపడిన చిన్న పసుపు పూసలు కనబడును. లేతనారు నాటిన కొలది దినములలోనే కుదురు మొత్తము వాడి చచ్చు తీవ్రరూపమును క్రెసెక్ అందురు. ఈ పేరు ఇండొనీషియా నుండి వచ్చినది. పురుగు తొలిచి చచ్చినదా, ఈ తెగులు వలన చచ్చినదా యని సందేహము కలిగిన రైతు చేసికొనదగిన పరీక్ష యొకటి కలదు. తెగులాకును అడ్డముగ కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో కోసిన కొన మునుగునట్లు నిలిపినచో, కొంతసేపటికి ఆ కొననుండి పొగవలె తెల్లని ధార క్రిందికి జాఱును. ఆ ధార యంతయు బాక్టీరియాయే. మందు ఎచ్చటికి చేరవలెనో ఈ చిన్న పరీక్ష చూపినట్లు వేఱొకటి చూపదు: తైలమైనను, రసాయనమైనను, ఆకు పైపొరను దాటి ఆ నాళములోనికి దిగినగాని శత్రువును తాకజాలదు.

వరికి మఱి రెండు బాక్టీరియా తెగుళ్లు ముఖ్యములు. ఆకుఈనెల నడుమ సన్నని చారలుగ వచ్చు చారల తెగులునకు మూలము పై బాక్టీరియా యొక్క దాయాదియే. అయితే అది పత్రరంధ్రముల గుండ చొచ్చి, నాళములను విడిచి మెత్తని కణజాలమున నివసించును. గింజ పాలుపోసికొనక తాలుగ మారునట్టి వెన్ను తెగులు బర్ఖోల్డేరియా గ్లూమే వలన గలుగును. ఇది జపానులో 1950ల దశకమున గుర్తింపబడి, తరువాత అమెరికాలోని లూయిసియానా వరిపొలములలో గొప్పనష్టము కలిగించెను. పూతవేళ రాత్రులు వేడిగ నున్న సంవత్సరములలో ఇది విజృంభించును. ఇది విత్తనము వెంట నడచు తెగులు. ఈ ఒక్క లక్షణము తైలముల విషయమున ఎంత ముఖ్యమో ముందు చెప్పబడును.

తెగులు నివారణకు ఇప్పటివఱకు నమ్మదగిన సాధనము నిరోధకశక్తి గల వంగడమే. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి, అనగా బీపీటీ 5204, తెలుగువారి భోజనమున కెంత ప్రియమైనదో ఎండాకు తెగులునకును అంత ప్రియమైనది. హైదరాబాదునందలి వరి పరిశోధన సంస్థయు, కణ, అణుజీవశాస్త్ర కేంద్రమగు సీసీఎంబీయు కలసి దానిలో మూడు నిరోధక జన్యువులను పొదిగి 2008లో మెఱుగుపఱచిన సాంబమసూరిని విడుదల చేసిరి. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ 21 అనునది ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరి నుండి వచ్చినది. అయినను అన్ని వంగడములలో ఈ జన్యువులు లేవు. బాక్టీరియా వంశములును కాలక్రమమున మాఱుచు జన్యువుల యడ్డుకట్టను దాటుచుండును. మందుల విషయమున, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడిని కాపర్ ఆక్సీక్లోరైడుతో జోడించి చల్లుట మన దేశమున దశాబ్దములుగ వాడుక. మనుష్యుల రోగములకు వాడు ప్రతిజీవకములను పొలములలో వెదజల్లుటవలన మందులకు లొంగని బాక్టీరియా పుట్టునన్న భయముచే, కేంద్రప్రభుత్వము ఈ మిశ్రమము తయారీని, వాడుకను నిషేధించుటకు పూనుకొన్నది. రాగిమందు అధికమైనచో మాగాణినేలలో పేరుకొనును. కావున ఖాళీయైన చోటును సుగంధ తైలములు పూరింపగలవా యను ప్రశ్న నేడు వెనుకటికంటె పదునెక్కినది.

వేప, ఆముదము, నువ్వు మున్నగువాని గింజలనుండి గానుగపట్టి తీయు స్థిరతైలములకును సుగంధ తైలములకును రసాయనికముగ పోలిక లేదు. మొదటివి కొవ్వులు, కాగితముపై పడిన మరక పోదు. రెండవవి టెర్పీనులు, ఫీనాలులు, ఆల్డిహైడులు మున్నగు చిన్న అణువుల మిశ్రమములు. కాగితముపై వేసిన బొట్టు కొంతసేపటికి ఆవిరియై పోవును. నిమ్మగడ్డిని కోసి, కొంత వాడబెట్టి, మూతగల పెద్దపాత్రలో దట్టించి క్రిందినుండి ఆవిరి నెక్కించినచో, ఆ యావిరి తైలమును వెంటబెట్టుకొని చల్లని గొట్టములో దిగి ద్రవమగును. నిమ్మగడ్డి తైలము నీటిపై తేలును, లవంగ తైలము నీటికంటె బరువైనది గనుక అడుగున దిగును. పచ్చి నిమ్మగడ్డి తూకములో తైలము నూటికి అర్ధభాగమునకు అటునిటుగ లభించును. అందు నాలుగింట మూడువంతులు సిట్రాల్. లవంగ మొగ్గలలో నూటికి 15 నుండి 20 భాగములు తైలముండి, అందు అధికభాగము యూజినాల్. పామరోజా గడ్డిలో జెరానియాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడు, వాములో థైమాల్ ప్రధానములు. కేరళలోని ఓడక్కాలిలో 1951లో నిమ్మగడ్డి పరిశోధన కేంద్రము నెలకొల్పబడెను. కేరళతీరమునుండి ఎగుమతియగు ఈ తైలము లోకపు విపణిలో కొచ్చిన్ తైలమను పేర ప్రసిద్ధి.

వాము కథ ఇచ్చట కొంత చెప్పదగినది. థైము మొక్కనుండి థైమాల్‌ను 1719లో కాస్పర్ నాయ్‌మన్ అను జర్మను రసాయనికుడు వేరుచేసెను. గాయములను కడుగుటకు, పుండ్లు కుళ్లకుండుటకు దాని విలువ తెలిసిన పిదప, థైముకంటె వాము గింజలో అది సమృద్ధిగ గలదని గ్రహించి, మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము జర్మను కార్ఖానాలు మనదేశపు వామును విశేషముగ కొనుచుండెడివి. యుద్ధముతో ఆ వర్తకము తెగిపోగా థైమాల్ తయారీ మనదేశముననే ఆరంభమాయెను. సుగంధ తైలముల క్రిమిసంహార శక్తిని కొలతకు దెచ్చుటయు ఆ కాలపు పనియే. 1881లో ద్‌లాక్రువా తైలముల ఆవిరులను బాక్టీరియాపై పరీక్షించెను, 1910లో మార్టిండేల్ కార్బాలిక్ ఆమ్లముతో పోల్చి ఒక్కొక్క తైలమునకు అంకె కట్టెను. ఆ పట్టికలో కార్వక్రాల్, థైమాల్ గల ఓరిగానము, థైము జాతుల తైలములు మిక్కిలి పైన నిలిచెను. నూఱేండ్ల తరువాత వరి బాక్టీరియాపై చేసిన పరీక్షలలోను దాదాపు అవే తైలములు ముందు నిలుచుట విశేషము.

బాక్టీరియాను ఈ తైలములు చంపు విధమిది. కణమునకు చుట్టుగోడయగు పొర కొవ్వుపదార్థముతో నిర్మితమైనది. తైలపు అణువులు నీటికంటె కొవ్వులోనికి పోవుటకే యిష్టపడును గనుక ఆ పొరలో నిమిడి దాని కూర్పును సడలించును. పొర కాఱుటతో కణములోని పొటాసియము వెలికి పోవును. లోపలికి వెలుపలికి నడుమ నుండవలసిన ఆమ్లభేదము కూలును. దానిపై నాధారపడిన శక్తి యుత్పత్తి యాగిపోవును. థైమాల్, కార్వక్రాల్, యూజినాల్ అను మూడింటికిని ఉన్న ఫీనాలు గుణము ఈ పనిని తీవ్రతరము చేయును. సిన్నమాల్డిహైడు దారి వేఱు. అది మాంసకృత్తులకు తగుల్కొని కణవిభజనమును చెడగొట్టును. వరి బాక్టీరియా గ్రామ్-రుణ వర్గమునకు చెందినది. కొవ్వు, చక్కెరలు కలిసిన బయటిపొర యొకటి దానికి అదనపు కవచము. అందుచే ఇట్టి బాక్టీరియా సాధారణముగ తైలములకు కొంత మొండి. అయినను థైము, లవంగ, దాల్చిన తైలముల వంటివి ఆ కవచమును భేదింపగలవు.

లక్నోలోని కేంద్రీయ ఔషధ సుగంధ సస్య సంస్థ పరిశోధకులు 2017లో ప్రకటించిన పరిశీలన యీ విషయమున నొక క్రొత్త తీరు చూపినది. థైము తైలము బాక్టీరియాను చంపజాలనంత స్వల్పమోతాదులో సైతము, ఆ బాక్టీరియా ఆకుపైనను నాళములోను అంటుకొని కట్టు జిగురుపొర నేర్పఱచుకొనుటను తగ్గించి, దాని రోగకారక శక్తిని కుంటుపఱచెను. బాక్టీరియా గుంపుగూడి సంజ్ఞాద్రవ్యములతో పరస్పరము తెలిపికొని దాడికి దిగుట యీ జాతి రీతి. అట్టి యేర్పాటును భంగపఱచుట, చంపుటకంటె తక్కువ మందుతో అగు పని. చంపనిచో మందుకు లొంగని వంశములు పుట్టుటయు మందగించు నని ఈ మార్గమును ప్రశంసించువారు చెప్పుదురు. ఈ వాదమునకు పొలములో బహుకాల నిదర్శనము కావలయును.

ప్రయోగశాల పరీక్షలను చదువునపుడు ఒక జాగ్రత్త యవసరము. బాక్టీరియా విత్తిన అగరు పళ్లెముపై తైలమద్దిన కాగితపు బిళ్ల నుంచి, చుట్టును ఏర్పడు తేట వలయమును మిల్లీమీటర్లలో కొలుచుట వాడుకలోని పద్ధతి. కాని తైలము అగరులోని నీటితో సరిగ కలియదు. మూతవేసిన పళ్లెములో ఆవిరి బయటికి పోలేక బాక్టీరియాపైననే తిరుగాడును. మూతలేని పొలములో, గాలివీచు గోదావరి డెల్టా సార్వా పైరుపై, ఆ యావిరి క్షణములలో చెదరిపోవును. వలయపు వెడల్పును జూచి తైలమునకు శ్రేష్ఠత కట్టిన వ్యాసములు వేనవేలు వెలువడుచున్నవి. వానిలో మడి వఱకు నడచినవి కొద్ది.

నాళములో దాగిన బాక్టీరియాను పిచికారీతో చేరుట దుస్సాధ్యమైనచో, అది నాళమును చేరకమునుపే ఎదుర్కొనుట యుక్తము. అట్టి చోట్లు మూడు: విత్తనము, నారుమడి నీరు, నాట్లనాటి గాయము. వీనిలో విత్తనశుద్ధి మిక్కిలి యాశాజనకము. వెన్ను తెగులు బాక్టీరియా నిశ్చయముగ విత్తనమునంటి వచ్చును. దానికై జపానులో వాడిన ఆక్సోలినిక్ ఆమ్లమునకు లొంగని వంశములు పుట్టుట, ప్రత్యామ్నాయములను వెదకుటకు కారణమాయెను. ఎండాకు తెగులు మాత్రము విత్తనముకంటె మోడులు, గట్లమీది తుంగ, గడ్డిజాతి కలుపు, కాలువనీరు వీనివెంటనే యెక్కువగ నడచు నని పలువురి యభిప్రాయము గనుక, దానియెడ విత్తనశుద్ధి ఫలము పరిమితము. కామెరూను దేశమున నిమ్మగడ్డి, రామతులసి, థైము తైలములను వరివిత్తనములపై నంటిన శిలీంధ్రముల నివారణకు పరీక్షించిరి. టమాటా విషయమున ఫ్లోరిడా పరిశోధకులు చేసిన పని మఱింత బోధకము: బాక్టీరియా వడలు తెగులునకై థైమాల్‌ను, పామరోజా తైలమును నాటుటకు ముందే మట్టిలో కలిపి, కొంతకాలము ఆగి మొక్కలు నాటగా తెగులు గణనీయముగ తగ్గెను. తైలము మొక్కలోనికి దిగవలసిన యక్కఱ అందు లేదు. శత్రువు మట్టిలో బయలుపడియున్న వేళనే అది తాకినది.

వరియే తన రక్షణకు సుగంధద్రవ్యములను తయారుచేసికొనునన్న సంగతి ఈ చర్చకు ఊహింపని మలుపు నిచ్చినది. జపానులోని కగావా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2014లో తెలిపినదేమనగా, గాయపడిన మొక్కలో పుట్టు జాస్మోనిక్ ఆమ్లము ప్రేరణచే వరి ఆకు లినలూల్‌ను ఉత్పత్తి చేయును. రుద్రజడ తైలమున విరివిగ నుండు పదార్థ మిదియే. ఈ లినలూల్ బాక్టీరియాను నేరుగ చంపుటకంటె, వరియందలి రక్షణ జన్యువులను మేల్కొల్పుటవలననే ఎండాకు తెగులును తగ్గించునని తేలెను. అదే పరిశోధకుల తదుపరి పరిశీలనలో గామా-టెర్పినీన్ అను మఱియొక పదార్థమును వరి తయారుచేయుననియు, అది ఈ బాక్టీరియాను నేరుగ నిరోధించుననియు కనుగొనబడినది. వాము తైలములో థైమాల్ తరువాత మిక్కిలిగ నుండు పదార్థములలో గామా-టెర్పినీన్ ఒకటి. పిచికారీ చేసిన తైలము నాళమును తాకకున్నను మొక్కను హెచ్చరించి లోననుండియే నాళమును కాపాడజాలును గావున, నా దృష్టిలో, ఈ దిశగ జరుగు పరిశోధనయే మిగిలినవానికంటె లోతైన ఫలితము నీయగలదు.

ఇక ఆచరణలోని చిక్కులు. థైమాల్ లీటరు నీటిలో సుమారు 1 గ్రాము మాత్రమే కరుగును. తక్కిన తైలములును నీటితో కలియవు. కుంకుడురసముతోనో, సబ్బు ద్రావణముతోనో, అంగడిలో దొరకు ఎమల్సిఫయరుతోనో కలిపి చిలికినగాని నీటిలో విడివడవు. చిలికినను తేలికతైలములు కొంతసేపటికి తేలి డ్రమ్ము పైపొరలో చేరును. అట్లు చేరినచో ఒక మడికి వట్టి నీరు పడి, వేఱొక మడికి అచ్చపు తైలము పడును. అచ్చపు తైలము ఆకును మాడ్చును. ఇది ఊహ గాదు: లవంగ తైలమును అమెరికాలో సేంద్రియ సేద్యమున కలుపుమందుగ చల్లుదురు. తెగులునకు కావలసిన మోతాదునకును, వరిని మాడ్చు మోతాదునకును నడుమనున్న అంతరము తైలమును బట్టి, ఎండను బట్టి, పైరు వయస్సును బట్టి మాఱును. సాయంవేళ చల్లుట యుత్తమము. పూతదశలో చల్లకుండుట మేలు. ప్రకృతిసిద్ధమైనదెల్ల హానిరహితమను భ్రమకు లవంగ తైలమే సమాధానము. లీటరు నీటిలో కొలది పదుల మిల్లీగ్రాములతో అది చేపలను స్పృహ తప్పించును, మత్స్యశాస్త్రజ్ఞులు మత్తుమందుగ వాడుటయు నందులకే. మడినీరు మురుగుకాలువల గుండ చెఱువులను చేరునట్టి కొల్లేటి పరిసరములలో ఈ మాట మఱువదగినది గాదు.

ఖర్చు లెక్క మఱియొకటి. ఎకరమునకు 200 లీటర్ల ద్రావణము, నూటికి 0.1 వంతు తైలమనుకొన్నను ఒక్క పిచికారీకి 200 మిల్లీలీటర్లు కావలెను. పచ్చిగడ్డిలో తైలము నూటికి 0.4 వంతుగ గణించినచో అందులకు దాదాపు 50 కిలోల నిమ్మగడ్డి వండవలయును. నారుమడి విత్తనమునకైతే దీనిలో స్వల్పభాగము చాలును. చిన్న బట్టీలు గల గ్రామములలో, నిమ్మగడ్డి పండించు విశాఖ మన్యమున గాని, బోడుప్పల్‌లోని సుగంధ సస్య కేంద్రము సలహాతో పామరోజా వేసిన తెలంగాణ మెట్టచేలలో గాని, స్వతంత్రముగ తైలము తీయుట సాధ్యము. కాని ఒక బట్టీ తైలము వేఱొక బట్టీ తైలమువలె నుండదు. తులసిలో ఒక జాతి యూజినాల్ ప్రధానము, మఱొకటి లినలూల్ ప్రధానము. జామాయిలులో నీలగిరి జాతి సినియోల్ నిచ్చును, నిమ్మవాసన గల జాతి సిట్రొనెల్లాల్ నిచ్చును. కోసిన కాలము, ఎండిన తీరు, వండిన గంటలు సైతము కూర్పును మార్చును. పేరు ఒకటియే యైనను మందు ఒకటి కాదు. వ్యాసములలో "తులసి తైలము" అని మాత్రము వ్రాసి కూర్పును తెలుపని ఫలితములను ఇతరులు మరల సాధింపలేకపోవుటకు మూలమిదియే.

ఈ లోపములను తప్పించుటకు తైలమును కంటికి కానరానంత సూక్ష్మబిందువులుగ చేసి స్థిరపఱచుట, రొయ్యపెంకు నుండి తీసిన కైటోసాన్ గుళికలలో పొదిగి మెల్లమెల్లగ విడుదలగునట్లు చేయుట అను రెండు పద్ధతులు పరిశోధనలో నున్నవి. కైటోసాన్ స్వయముగ మొక్కల రక్షణను ప్రేరేపించును గనుక రెండవదానిపై ఆసక్తి మెండు. రొయ్యపెంకు మన తీరమున కొఱతలేనిది. చట్టము మాట వచ్చినపుడు, అమెరికాలో 1996 నాటి నియమముచే లవంగ, నిమ్మగడ్డి, థైము, దాల్చిన తైలములు కనీసప్రమాద ద్రవ్యములుగ ఎంచబడి నమోదునుండి మినహాయింపు పొందినవి. మన దేశమున తెగులుమందుగ అమ్మదలచిన దేదైనను 1968 నాటి క్రిమిసంహారకముల చట్టము క్రింద నమోదు కావలెను. అట్టి నమోదునకు కావలసిన విషపరీక్షల వ్యయము చిన్న తయారీదారునకు భారమే. అమ్మకమునకు గాక తన పైరుకు తానే చేసికొను రైతు వేఱు. మన పల్లెలలో ఎండాకు తెగులునకు ఆవుపేడ, మూత్రము, ఇంగువ కలిపి పులియబెట్టిన ద్రావణమును వడగట్టి చల్లువారు గలరు. ఇంగువ ఘాటునకు కారణము గంధక సమ్మేళనములు గల సుగంధ తైలమే. పచ్చి పేడరసమును ఈ తెగులుపై చల్లుటను తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమును సిఫారసు చేసియున్నది. పేడలోని మేలుచేయు సూక్ష్మజీవులకును ఇంగువ తైలమునకును ఈ ద్రావణమున దేని పాలెంతయో, ఇంగువ పాలు పెంచినచో ఆ సూక్ష్మజీవులే చచ్చునేమో యను ప్రశ్నలను తేల్చుటకు పేడరసమును ఒక మడిలో, ఇంగువను ఒక మడిలో, రెంటిని ఒక మడిలో చల్లి, ఏమియు చల్లని మడితో పోల్చి చూచిన చాలును. దానికి గొప్ప పరికరములు అక్కఱలేదు.